వేసుకునే బిళ్ళ, కట్టే బిళ్ళ: అవయవ మార్పిడి జరిగిన పిల్లల ఇంటివారికి

మా పర్లాకిమిడి వైపు మాత్రను బిళ్ళ అంటారు. మెడలోనో చంకలోనో గజ్జల్లోనో గ్రంథి వాస్తే దాన్నీ "బిళ్ళ కట్టింది" అంటారు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి మార్పిడి వార్డులో నర్సుగా ఉన్న తొమ్మిదేళ్ళలో ఈ మాటతో ఫోనులో ఎన్నిసార్లు తికమకపడ్డానో లెక్కలేదు. "సిస్టర్ గారూ, బిళ్ళ ఇంకా ఉందండీ" అంటే మందు మిగిలిందనా, వాపు మిగిలిందనా? తీరా చూస్తే ఆ రెండు బిళ్ళలకూ నిజంగానే చుట్టరికం ఉంది. కొత్త కిడ్నీనో కాలేయాన్నో కాపాడటానికి పిల్లలు రోజూ వేసుకునే బిళ్ళే, అరుదుగా కొందరిలో, మెడలో బిళ్ళ కట్టడానికి దారితీస్తుంది. వేసుకునే బిళ్ళను భయపడి ఆపేస్తే అవయవం పోతుంది. కట్టిన బిళ్ళను మామూలు వాపు అనుకుని వదిలేస్తే ప్రాణానికే ముప్పు.

ఈ రెండింటి మధ్య ఇంటివాళ్ళు ఏం చేయాలో, ఏది చేయకూడదో రాస్తున్నాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు ఉంటూ, మార్పిడి కోసం విశాఖకో హైదరాబాదుకో భువనేశ్వర్‌కో వెళ్ళివచ్చిన కుటుంబాలు నా కళ్ళ ముందు ఉన్నాయి. మార్పిడి చేసిన డాక్టరు మీకు కనీసం ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంటారు. వీధి చివర ఆర్‌ఎంపీ మాత్రం పిలిస్తే పలుకుతాడు. చిక్కంతా అక్కడే.

అసలు జరిగేది ఏమిటి

ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉంది, పొట్టిగా ఈబీవీ. ఆఫ్రికాలో పిల్లల దవడలకు వచ్చే ఒక గడ్డ కణాల్లో 1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనిపెట్టారు. మనిషికి వచ్చే క్యాన్సరుతో సంబంధం ఉన్నట్టు తేలిన మొదటి వైరస్ ఇదే. అలాగని హడలిపోనక్కర లేదు. పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఇది ఉంటుంది, మీకూ నాకూ ఉండే ఉంటుంది. చిన్నప్పుడు ఉమ్మి ద్వారా వస్తుంది, నాలుగు రోజులు జ్వరం, గొంతు నొప్పి పెట్టి తగ్గుతుంది, లేదా ఏమీ తెలియకుండానే పోతుంది. పోవడం అంటే ఒంట్లోంచి పోవడం కాదు. 'బి' అనే తెల్లకణాల్లో జీవితాంతం అద్దెకుంటుంది. 'టి' అనే తెల్లకణాలు కాపలా కాస్తుంటాయి కాబట్టి అల్లరి చేయదు.

కొత్త అవయవాన్ని పరాయిదని పట్టుకుని దాడిచేసేవీ ఆ 'టి' కణాలే. అందుకని టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులతో వాటిని నిద్రపుచ్చుతారు. కాపలా నిద్రపోయిన ఇంట్లో వైరస్ ఉన్న 'బి' కణాలు పెరగడం మొదలుపెడితే అడ్డేవాళ్ళు ఉండరు. గ్రంథులు, టాన్సిల్స్, పేగు, కాలేయం, ఒక్కోసారి మార్చిన అవయవంలోనే అవి గుంపుకట్టి గడ్డలవుతాయి. దీన్ని డాక్టర్లు పీటీఎల్‌డీ అంటారు. మీ డిశ్చార్జి కాగితంలో ఈ నాలుగు అక్షరాలు ఎక్కడైనా కనిపిస్తే దాని అర్థం ఇదే. ఇది ఒకే జబ్బు కాదు. ఒక చివర మందు తగ్గిస్తే కరిగిపోయే వాపు, మరో చివర అచ్చమైన లింఫోమా క్యాన్సర్, మధ్యలో అన్ని మెట్లూ ఉంటాయి. ఏ మెట్టు మీద ఉందో చేత్తో తడిమి ఎవరూ చెప్పలేరు, ఎంత పెద్ద డాక్టరైనా.

పిల్లలకే ఎందుకు ఎక్కువ? వాళ్ళలో చాలామందికి ఈబీవీ ఇంకా వచ్చి ఉండదు. దాత పెద్దవారు, వారిలో వైరస్ ఉంటుంది. అవయవంతో పాటు అదీ వస్తుంది, అదీ కాపలా నిద్రపోతున్న సమయంలో, జీవితంలో మొదటిసారి. మార్పిడి తరువాత పిల్లల్లో కనిపించే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. అయినా కిడ్నీ మార్పిడి పిల్లల్లో నూటికి ఒకరు నుంచి ముగ్గురికి మించి రాదు. కాలేయం, గుండె, ఊపిరితిత్తులు అయితే ముప్పు అంతకంటే ఎక్కువ, పేగు మార్పిడిలో అన్నిటికంటే ఎక్కువ. మొదటి సంవత్సరం గండం. తరువాత తగ్గుతుంది కానీ సున్నా కాదు.

ఇక్కడ ఒక మాట తల్లులకు. మన దగ్గర కాలేయమైనా కిడ్నీ అయినా బిడ్డకు ఇచ్చేది చాలాసార్లు అమ్మే. "నా కాలేయంతోనే నా బిడ్డకు ఈ రోగం ఇచ్చానా" అని వార్డు గోడకు తల ఆనించి ఏడ్చిన తల్లిని నేను చూశాను. అమ్మా, ఆ కాలేయం ఇవ్వకపోతే ఈ ప్రశ్న అడగడానికి బిడ్డ ఉండేవాడు కాదు.

మొదటి పని: రెండు ఫలితాలు అడిగి రాసుకోండి

మార్పిడికి ముందు పిల్లవాడికీ దాతకూ ఈబీవీ యాంటీబాడీ పరీక్ష చేస్తారు. ఆ రెండు ఫలితాలు మీ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండాలి. పిల్లవాడికి నెగెటివ్, దాతకు పాజిటివ్ అయితే ముప్పు ఎక్కువ ఉన్న గుంపులో ఉన్నట్టు. ఆపరేషన్ అయిపోయి ఏళ్ళు గడిచినా సరే, ఫోను చేసి అడగండి, ఫైలులో ఉంటుంది.

ఏడాది లోపు పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో ఇంకా మిగిలి ఉంటాయి కాబట్టి, వైరస్ రాకపోయినా పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. పరీక్షకు ముందు రక్తం ఎక్కించినా అంతే. అలాంటి పసివాళ్ళను నెగెటివ్ అనుకునే చూసుకోవాలి. ఇంకా ఆపరేషన్ కాకపోతే టీకాల గురించి కూడా అప్పుడే అడగండి. తట్టు, ఆటలమ్మ వంటి బతికున్న టీకాలు మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి, తరువాత సాధారణంగా వేయరు. హెపటైటిస్-బి, తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు హెచ్‌పీవీ కూడా. అవి రెండూ క్యాన్సరు తెచ్చే వైరస్‌లే, వాటికి టీకా ఉంది. ఈబీవీకి లేదు.

రెండో పని: ఎంగిలి ఆపండి, కానీ పిల్లవాణ్ణి పెట్టెలో పెట్టకండి

ఎంగిలి అనే ఒక్క మాటలో మనవాళ్ళు ఎంతో చెప్పారు, ఆచరించడంలోనే వెసులుబాట్లు. నాయనమ్మ తన గరిటెతోనే జావ రుచి చూసి అదే గరిటెతో తినిపిస్తుంది. వేడి అన్నం ముద్దను నోటితో ఊది పెడుతుంది. పళ్ళు రాని పసివాడికి నమిలి పెట్టే ముసలమ్మలు కొండ ఊళ్ళలోనే కాదు, బరంపురంలోనూ ఉన్నారు. ఇక పిల్లల కాకి ఎంగిలి సంగతి చెప్పనక్కర లేదు. జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరికి ఇస్తే ఎంగిలి కాదని మనమందరం నమ్మినవాళ్ళమే. వైరస్‌కు చొక్కా అడ్డం కాదు.

పిల్లవాడు ఈబీవీ నెగెటివ్ అయితే, ముఖ్యంగా మొదటి ఏడాది, గ్లాసు, చెంచా, పళ్ళు తోముకునే బ్రష్ వేరుగా ఉంచండి. నోటి మీద ముద్దులు వద్దు. రక్తం ఎక్కించాల్సి వస్తే తెల్లకణాలు వడగట్టిన రక్తం కావాలని అడగండి, ఈ వైరస్ తెల్లకణాల్లోనే దాక్కుంటుంది. ఇంతవరకే. ఇంట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, బడి మానిపించి, ఏళ్ళ తరబడి గదిలో ఉంచడం నేను ఒప్పుకోను. ఎప్పుడో ఒకప్పుడు వైరస్ వస్తుంది. మందు మోతాదు తగ్గిన తరువాత వస్తే మేలు, అంతే మనం కోరుకునేది. పిల్లవాడు ముందునుంచే పాజిటివ్ అయితే ఈ ఎంగిలి నియమాలకు అంత పని లేదు, మామూలు శుభ్రత చాలు.

మూడో పని: బిళ్ళ వేళకు, రక్తం బిళ్ళకు ముందు

టాక్రోలిమస్ పన్నెండు గంటలకొకసారి. ఉదయం 8 అంటే రాత్రి 8. మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష ఉదయం మాత్ర వేయక ముందు ఇచ్చిన రక్తంతోనే చేయాలి. మాత్ర వేసి రక్తం ఇస్తే అంకె ఎక్కువగా వస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేని సమస్యకు మందు తగ్గి ఉన్న కిడ్నీకి ప్రమాదం వస్తుంది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. గుణుపురం, పర్లాకిమిడి, నౌపడా మీదుగా వచ్చే పాసింజరులో కూర్చుని, వేళ అయిందని మాత్ర వేసేసి, మధ్యాహ్నం ల్యాబుకు వస్తారు. ముందురోజు సాయంత్రానికే ఊరు చేరండి. ఉదయం మాత్ర జేబులో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళండి, సూది తీయగానే వేయండి.

ఈ అంకె మీద ఎందుకింత పట్టు? మందు ఎక్కువైనకొద్దీ కాపలా మరింత గాఢంగా నిద్రపోతుంది, గడ్డల ముప్పు పెరుగుతుంది. తక్కువైతే అవయవం తిరస్కరణ. డాక్టరు ఆ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడుస్తుంటారు, మీరు తప్పు అంకె చేతికిస్తే గట్టు కనబడదు.

అంకెను మార్చేవి కొన్ని గుర్తుంచుకోండి. విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ పెరుగుతుంది. ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ పెంచుతాయి. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ తగ్గిస్తాయి. పెరట్లో పంపర పనస చెట్టు ఉంటే ఆ పండు ఈ పిల్లవాడికి వద్దు, అదీ పెంచుతుంది. రోగనిరోధక శక్తి పెంచుతుందని ఎవరైనా తిప్పతీగ కషాయం తెస్తే దండం పెట్టి పంపేయండి. మనం కష్టపడి తగ్గిస్తున్నదాన్ని పెంచుతానని వచ్చే మందు అది. దుకాణంలో ఆ కంపెనీ లేదని మరో కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే డాక్టరుకు చెప్పకుండా మార్చవద్దు.

ఇంకొకటి, తుపాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో రోడ్లు, కరెంటు ఎలా పోయాయో మీకు తెలుసు. సెప్టెంబరు చివరికే మూడు వారాల మందు అదనంగా ఇంట్లో ఉంచుకోండి.

నాలుగో పని: వారానికొకసారి తడిమి చూడండి

ఆదివారం తలంటు పోసేటప్పుడు చేయండి, వేరే వేళ పెట్టుకోనక్కర లేదు. దవడ కింద, మెడకు రెండు పక్కలా, మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో వేళ్ళతో మెల్లగా తడమండి. పిల్లలకు చిన్న చిన్న గ్రంథులు చేతికి తగలడం మామూలే, జలుబు చేస్తే కొంచెం పెరుగుతాయి. సెంటీమీటరు దాటి పెరుగుతూ పోతుంటే, రెండు వారాలైనా తగ్గకపోతే, నొప్పి లేకుండా గట్టిగా ఉంటే ఫోను చేయండి. పొట్ట మీద చేయి వేసి ఏదైనా గట్టిగా తగులుతోందేమో చూడండి. బరువు తూచి రాయండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అదే రోజు ఫోను చేయాలి. రాత్రిళ్ళు పక్క తడిసేలా చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, అన్నం సయించకపోవడం, పాలిపోవడం, తగ్గని విరేచనాలు, మలంలో రక్తం, కొత్తగా తలనొప్పి, నడకలో తూలు, ఇవన్నీ ఫోను చేయాల్సినవే. మెలితిప్పినట్టు కడుపునొప్పి వచ్చి పోతూ, వాంతులవుతూ, మలం ఎర్రగా పడితే ఫోనుతో ఆగకుండా దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్ళండి. పేగులోని గడ్డ వల్ల ఒక పేగు మరో పేగులోకి దూరినప్పుడు ఇలా ఉంటుంది, దానికి సర్జను కావాలి. మూర్ఛ వచ్చినా అంతే.

పై జాబితాలో ఒకటి కావాలనే వదిలేశాను, దాన్ని విడిగా చెప్పాలి. గురక. ఒక అమ్మాయి, ఐదేళ్ళది, కాలేయం మార్చి ఎనిమిది నెలలు. వాళ్ళమ్మ పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి ఫోను చేసి, "సిస్టర్ గారూ, ఇది రాత్రిళ్ళు వాళ్ళ తాతలాగా గురక పెడుతోందండీ, నోరు తెరుచుకుని పడుకుంటోంది" అంది. జ్వరం లేదు, బిళ్ళ లేదు. నేను నవ్వి, ఆ వయసులో టాన్సిల్స్ పెరుగుతాయమ్మా, వచ్చే నెల వచ్చినప్పుడు చూపిద్దాం అన్నాను. ఆ తప్పు నాదే. వచ్చే నెలకు అమ్మాయి పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. రెండు టాన్సిల్సూ గొంతు మధ్య కలుసుకున్నాయి, తీసి పరీక్ష చేస్తే పీటీఎల్‌డీ. పిల్లల్లో ఇది మొదట టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లలో బయటపడటం చాలా మామూలని నాకు పుస్తకంలో తెలుసు. ఫోనులో గుర్తు రాలేదు. అందుకే చెబుతున్నాను. కొత్తగా మొదలైన గురక, మాట ముక్కుతో రావడం, మింగడానికి ఇబ్బంది ఉంటే ఎవరు నవ్వినా ఊరుకోకండి, నర్సమ్మ నవ్వినా సరే.

ఐదో పని: జ్వరం వచ్చిన రోజు

ముందు ఫోను, తరువాత మందు. ఈ వరుస మారకూడదు. అందుకోసం ఒక అట్ట ముక్క తయారుచేసి పిల్లవాడి సంచిలో ఉంచండి. "ఈ బిడ్డకు అవయవ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతోంది, ఏ మందు ఇచ్చేముందైనా ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించండి, కింద మందుల పేర్లు. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఒడియా, కాగితాల్లో ఇంగ్లీషు. వాడుక భాష కోసం, సవరల భాష కోసం గిడుగు రామమూర్తి గారు పాటుపడిన ఊరు మాది, అయినా మా ఊళ్ళో డిశ్చార్జి కాగితం చదివి చెప్పేవాళ్ళ కోసం ఇప్పటికీ వెతుక్కోవాలి.

మన జిల్లాల్లో జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష చేయాలి, అది సరైనదే, చేయించండి. రక్తం చుక్కతో పావుగంటలో తేలుతుంది. డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రోఫెన్ మాత్రం వద్దు, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కన ఉన్నవాళ్ళకు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూపే క్రియాటినిన్ అంకె గురించి నేను చెప్పక్కర లేదు, కిడ్నీ దెబ్బతింటే అది పెరుగుతుంది.

ఇప్పుడు అసలైన గొయ్యి. జ్వరం తగ్గదు, మెడలో బిళ్ళ ఉంటుంది, బరువు తగ్గుతుంది. ఈ మూడూ చూస్తే మన దేశంలో ఏ డాక్టరుకైనా మొదట తట్టేది క్షయ. తప్పు పట్టలేం, మార్పిడి జరిగినవాళ్ళకు క్షయ కూడా వస్తుంది. కానీ పరీక్షతో తేల్చకుండా అనుమానం మీద టీబీ మందు మొదలుపెడితే ఈ పిల్లలకు రెండు విధాల నష్టం. ఒకటి, నిజంగా పీటీఎల్‌డీ అయితే వారాలు వృథా. రెండు, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. మూత్రం ఎర్రగా అయ్యేది దానితోనే. అది కాలేయంలో ఎంజైములను రెచ్చగొట్టి టాక్రోలిమస్‌ను ఎప్పటికప్పుడు కరిగించేస్తుంది. మాత్ర వేస్తూనే ఉంటారు, రక్తంలో మాత్రం ఉండదు.

గుణుపురం వైపు నుంచి ఒక అబ్బాయి అలాగే వచ్చాడు. పన్నెండేళ్ళు, నాన్న ఇచ్చిన కిడ్నీ. మెడ బిళ్ళకు ఎక్కడో సూదితో పరీక్ష చేసి మామూలు వాపన్నారు, అయినా మూడు వారాలు టీబీ మందు ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి టాక్రో అంకె యంత్రం కొలవలేనంత కింద ఉంది, క్రియాటినిన్ రెట్టింపయింది, బిళ్ళ మాత్రం అలాగే ఉంది. ఒక్క ఫోను చేసి ఉంటే ఇదంతా తప్పేది. నిజంగా క్షయ అని తేలినా భయం లేదు, రిఫాంపిసిన్ లేకుండా మందు కూర్చడమో, ఉంచి టాక్రో మోతాదు పెంచి వెంటవెంట అంకె చూడటమో మార్పిడి డాక్టర్లకు తెలుసు. వాళ్ళకు తెలియకుండా మొదలుపెట్టడమే ప్రమాదం.

ఆరో పని: ముక్క పరీక్ష సరిగ్గా చేయించండి

ఈబీవీ ఎంత ఉందో రక్తంలో పీసీఆర్ పరీక్షతో కొలుస్తారు. ముప్పు ఎక్కువ ఉన్న పిల్లలకు మొదటి ఏడాది నెలనెలా, కొన్ని చోట్ల ఇంకా తరచుగా చేస్తారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చలేం. అంకె ఎక్కువ ఉంటే జబ్బు ఉందని కాదు, తక్కువ ఉంటే లేదనీ కాదు. ఎక్కుతోందా, దిగుతోందా అన్నది చూస్తారు. ఎక్కుతుంటే గడ్డ కనబడకముందే మందు కొంచెం తగ్గిస్తారు. పిల్లల్లో ఈ జబ్బును అడ్డుకోవడానికి ఇంతకంటే మేలైన దారి ఇప్పటికీ లేదు.

గడ్డ కనబడితే మాత్రం ముక్క తీసి చూడాల్సిందే. సన్న సూదితో నాలుగు కణాలు లాగితే చాలదు. వీలున్నచోట గ్రంథి మొత్తం తీయించండి, ఎందుకంటే ఏ మెట్టు మీద ఉందో కణాల అమరిక చూస్తేనే తెలుస్తుంది. ముక్క తీసేముందు డాక్టరుతో ఈ మాటలు చెప్పండి, కాగితం మీద రాసి ఇచ్చినా తప్పులేదు.

ఒక భాగం ఫార్మలిన్‌లో వేయాలి, మరో భాగం ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో టీబీ పరీక్షకు పంపాలి. ఫార్మలిన్‌లో టీబీ క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌లో పెరగదు. ఒకసారి మొత్తం ముక్క ఫార్మలిన్ సీసాలో పడిందంటే పిల్లవాణ్ణి మళ్ళీ కోయాలి.

వైరస్ గడ్డ కణాల్లో ఉందో లేదో చూసే ఈబర్ పరీక్ష, కణాల మీద సీడీ20 అనే ప్రొటీన్ గుర్తు ఉందో లేదో చూసే పరీక్ష రెండూ కావాలి. మొదటిది కారణం చెబుతుంది, రెండోది ఏ మందు పనిచేస్తుందో చెబుతుంది. చిన్న ఊళ్ళ ల్యాబుల్లో ఇవి ఉండకపోవచ్చు. అందుకే గాజు పలకలతో పాటు, ముక్కను మైనంలో పోతపోసిన బ్లాక్ ఉంటుంది, దాన్ని అడిగి తీసుకోండి. నివేదిక కాగితం ఒక్కటే పట్టుకొస్తే పెద్దాసుపత్రి ఏమీ చేయలేదు. బ్లాక్ ఉంటే మళ్ళీ కోయకుండానే అన్ని పరీక్షలూ చేస్తారు. ఎండ తగలకుండా డబ్బాలో పెట్టి చేతి సంచిలో తెచ్చుకోండి, మైనం కదా, వేసవిలో బస్సు పైన సామానుతో పాటు కట్టకండి.

ఏడో పని: చికిత్సలో మీ వంతు

మొదట చేసేది మందు తగ్గించడం. కాపలావాణ్ణి కొంచెం నిద్రలేపడం అన్నమాట. అమెరికాలో అవయవ మార్పిడికి బాటలు వేసిన థామస్ స్టార్జల్ బృందం, మందు తగ్గిస్తే ఈ లింఫోమాలు కరిగిపోవడం చూసి 1984లో ప్రకటించింది. ఇప్పటికీ మొదటి మెట్టు అదే. కొందరికి రెండు నుంచి నాలుగు వారాల్లో గడ్డ తగ్గుముఖం పడుతుంది. ఇది విని, అయితే ఇంట్లోనే ఆపేద్దాం అనుకునేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు, ఉన్నారు కూడా. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది వారం వారం రక్తం చూస్తూ తగ్గిస్తారు. ఆ సమయంలో అవయవం తిరగబడవచ్చు, అందుకే వీలైతే ఆ నెల రోజులు ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే గది తీసుకుని ఉండండి.

అది చాలకపోతే సీడీ20 ఉన్న కణాలకు రితుక్సిమాబ్ అనే మందు, మామూలుగా వారానికొకసారి చొప్పున నాలుగు సార్లు సెలైన్‌లో ఎక్కిస్తారు. ఒకప్పుడు ఇది మనకు అందని ధర. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లో దేశంలోనే దీన్ని తయారుచేసి తెచ్చాక కొంత అందుబాటులోకి వచ్చింది. ఇచ్చేముందు హెపటైటిస్-బి పరీక్ష అయిందా అని అడగండి, నిద్రపోతున్న ఆ వైరస్‌ను ఈ మందు లేపగలదు. ఇదీ చాలకపోతే కీమోథెరపీ. పిల్లలకు తక్కువ మోతాదు కీమోను రితుక్సిమాబ్‌తో కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. ఈబీవీని గుర్తుపట్టే 'టి' కణాలను బయట పెంచి ఎక్కించే చికిత్సకు యూరప్‌లో 2022 డిసెంబరులో అనుమతి వచ్చింది.

డబ్బు, కార్డుల సంగతి రెండు మాటల్లో. ఒడిశాలో ఉంటూ ఆంధ్రలో వైద్యం చేయించుకునేటప్పుడు ఏ కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ జబ్బుకు చెల్లుతుందో బయలుదేరకముందే ఆసుపత్రి కార్డుల కౌంటరుకు ఫోను చేసి తెలుసుకోండి. మార్పిడికి చెల్లిన కార్డు క్యాన్సరు మందుకు చెల్లుతుందని అనుకోకండి. క్యాన్సరు రోగులకూ, డయాలిసిస్ లేదా కిడ్నీ మార్పిడి కోసం వెళ్ళేవాళ్ళకూ, తోడు వచ్చే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉంది, ఆసుపత్రి ధ్రువపత్రం అడిగి తీసుకోండి. విశాఖ శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి క్యాన్సరు ఆసుపత్రి ఉంది. మీ మార్పిడి డాక్టరు, క్యాన్సరు డాక్టరు వేర్వేరు చోట్ల ఉంటే ఒకరి ఫోను నంబరు మరొకరికి ఇచ్చే పని మీదే. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటే ఒకరు తగ్గించిన మందును మరొకరు పెంచుతారు.

గడ్డ పోయాక కూడా ఆదివారం తడమడం, పీసీఆర్, టాక్రో అంకె మామూలే. తగ్గించిన మందును మళ్ళీ పాత మోతాదుకు తేవాలా వద్దా అన్నది డాక్టర్లు నిదానంగా తేలుస్తారు. రితుక్సిమాబ్ తరువాత కొన్ని నెలలు ఒంట్లో యాంటీబాడీలు తగ్గి ఉంటాయి కాబట్టి చిన్న జ్వరాన్నీ పెద్దదిగానే చూడాలి.

గుణుపురం అబ్బాయికి కిడ్నీ నిలిచింది కానీ క్రియాటినిన్ పాత అంకెకు దిగలేదు. టాన్సిల్స్ అమ్మాయికి మందు తగ్గించడం, నాలుగు రితుక్సిమాబ్‌లు సరిపోయాయి. ఇప్పుడు ఐదో తరగతి. వాళ్ళమ్మ ఇప్పటికీ రాత్రి ఒకసారి లేచి, దాని ఊపిరి ఎలా ఉందో చెవి పెట్టి విని పడుకుంటుందట. మానమని నేను చెప్పలేదు.